ఎర చుక్క

"దొంగ మన గదిలోనే ఉన్నాడు హేమలతా," అన్నాడు విష్ణువర్ధన్ తలుపు దగ్గరికి వేస్తూ. "వాడు దొరకాల. లేకుంటే పైవాళ్ళు పట్టుకునేది నిన్నే."

ఆమెను కాక ఇంకెవర్ని పట్టుకుంటారు? అనంతపురంలోని ఆ పరిశోధన కళాశాలలో పటాల గదికి ఆమే దిక్కు. విష్ణువర్ధన్ విభాగానికి పెద్దే గానీ, పటం తెరవడానికి ఆయన కూడా ఆమెనే పిలుస్తాడు. భూమి కింద నీళ్ళు ఎక్కడ ఉండొచ్చో విద్యార్థులు ఊళ్ళు తిరిగి చూసి, కంప్యూటర్ పటంలో నీలి చుక్కలు పెడతారు. పటం అందరిదీ, దాని బాగోగులు హేమలతవి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాడూ ఆమెకే ఫోన్ చేస్తాడు, ఫైలు పోగొట్టుకున్నవాడూ ఆమెకే. చుక్క పెట్టినవాళ్ళ పేరు దాని కిందే కనపడాలన్న నియమమూ ఆమె పెట్టిందే. తప్పు దొర్లితే ఎవర్ని అడగాలో తెలియాలి కదా మరి.

ఇప్పుడా చుక్కలు బయటికి పోతున్నాయి. ఇంకా పరీక్ష కూడా పూర్తి కానివి! బోరు ఏజెంట్లు వాటిని సెల్‌ఫోన్లో చూపించి, ఇది కాలేజీవాళ్ళ పాయింట్ అని చెప్పి రైతుల చేత బోర్లు వేయిస్తున్నారు. పామిడి దగ్గర వేసినవాటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. గార్లదిన్నె నుంచి బయమ్మ అనే రైతు భార్య వచ్చి కాలేజీ గేటు ముందు కూలబడి, మన్ను ఎత్తిపోస్తూ శాపాలు పెట్టింది. అందరూ కిటికీల్లోంచి చూశారు గానీ ఒక్కరూ కిందికి దిగలేదు.

ఆమె అనుమానమంతా ఆంజనేయులు మీద. పరిశోధన విద్యార్థి. రోజూ ఏదో సాయం కావాలంటూ వచ్చి, పటమంతా దించుకుని పోతాడు.

"ఒక అబద్ధపు చుక్క పెడతా సార్," అంది. "ఆంజనేయులు లాగిన్‌కు తప్ప ఎవరికీ కనపడదు. ఆ చుక్క పట్టుకుని ఏజెంటు చేన్లోకి వచ్చినాడంటే, దొంగ వీడే."

"ఎవురో పాపం నమ్మి బోరు వేయిస్తే?"

ఆ సంగతి ఆమె ముందే ఆలోచించుకుంది. వేరే ఎవరి చేన్లోనో ఎందుకు, తన సొంతూరు యాడికిలో తండ్రి కుళ్ళాయప్ప చేన్లోనే పెడుతుంది. అక్కడ కింద అంతా బండరాయి. వేసిన బోర్లన్నీ రాయికి తగిలి ఎండిపోయాక, ఇక బోరు జోలికి పోనని ఆయన కులదేవుడి మీద ఒట్టేసుకున్నాడు. అరచేతిలో టెంకాయ నిలబెట్టి పాయింట్ చూస్తానని వచ్చినవాణ్ణి కట్టె పట్టుకుని ఊరి బయటిదాకా తరిమిన మనిషి. ఏజెంటు వస్తే వాణ్ణీ తరుముతాడు, ఆ వెంటనే కూతురికి ఫోన్ చేసి చెప్తాడు. అంతే కావాల్సింది.

విష్ణువర్ధన్‌కు ఉపాయం నచ్చింది. ఇంట్లో కూడా నోరు మెదపొద్దన్నాడు. నిజమే, నాయన నోట్లో మాట దాగదు. ఈ రొచ్చులోకి ఇంకొకర్ని లాగడం ఇష్టంలేక, హేమలత ఆ చుక్కను తన పేరు మీదే పెట్టింది.

మర్నాడే ఆంజనేయులు వచ్చాడు. ఏదో ఫైలు తెరుచుకోలేదన్నాడు. ఆమె సరిచేసి ఇచ్చింది. పోబోతూ తలుపు దగ్గర ఆగాడు.

"యాడికి కాడ కొత్త చుక్క ఒకటి చూసినా మేడం. గట్టిదేనా?"

"గట్టిదే," అంది తల ఎత్తకుండా.

అప్పటినుంచి ఆమె నాయన ఫోన్ కోసం ఎదురుచూసింది. ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరెవరో పాస్‌వర్డ్ కోసం, పటం కోసం. నాయన మాత్రం చేయలేదు. తను చేద్దామంటే, గొంతు వినగానే నిజం చెప్పేస్తానేమోనని భయం. వారం తిరిగినా యాడికి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

చివరికి విష్ణువర్ధన్ పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆంజనేయులు దొరికిపోయాడట. యాడికి ఏజెంటు ప్రతాప్‌కు చుక్కలన్నీ అమ్మింది వాడేనట. ఆ ఊరి నుంచి ఎవరో పంపిన ఫోటో తన సెల్‌లో చూపించాడు, మొహమంతా నవ్వే. "నీ వల వృథా పోలేదు హేమలతా!"

ఫోటోలో బోరు బండి ఉంది. దాని వెనక తెల్లటి దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో ఉన్న వేపచెట్టు తమదేనని ఆమె గుర్తుపట్టింది.

వెంటనే నాయనకు ఫోన్ చేసింది. నాయన ఎప్పుడు ఫోన్ ఎత్తినా వెనక గొర్రెల అరుపులు వినపడేవి. ఇవాళ బండి మోత ఒక్కటే.

"నాయనా, ఆ బండి ఆపమను. ఆడ రాయి తప్ప ఏమీ లేదు."

"మోతలో సరిగా వినపడ్లేదు తల్లీ. పొద్దున్నే టెంకాయ కొట్టి మొదలుపెట్టినాం. శానా లోతు పోయింది. ఇప్పటికి దుమ్మే వస్తాండాది. వస్తాయిలే నీళ్ళు."

ఆయన గొంతులో అంత సంతోషం ఆమె ఏళ్ళుగా వినలేదు.

"గొర్రెలేవి నాయనా?"

"మందంతా అమ్మేస్తి. నీళ్ళు పడితే మళ్ళా కొనుక్కోలేమా?"

"దేవుని మీద ఒట్టేసుకుంటివి గదా. ఎవడో వచ్చి చెప్తే ఎట్ల నమ్మినావు నాయనా?"

"నేనేం నమ్మలేదమ్మా, వచ్చినప్పుడల్లా తరుముతానే ఉంటి. మొన్న వచ్చి సెల్లు సూపిచ్చినాడు. నీకు ఫోన్ చేసి అడుగుదామనుకుంటి గానీ, చుక్క కింద నీ పేరే ఉన్నాక ఇంగ అడిగేదేముండాది?"