మాట ఎడమకు, పాట కుడికి

"ఎద్దును తోలుకపోయింది నీ కొడుకేనా?" అమీను సాబ్ అడిగాడు.

"ఔ" అన్నాడు బక్కయ్య.

పటేలు కచ్చీరు ముందు కూర్చున్న జనం నోళ్లు నొక్కుకున్నారు. చేతులు వెనక్కి కట్టి నిలబెట్టిన ఎల్లస్వామి తన తండ్రి ముఖంలోకి చూశాడు. దేవరకొండ పోలీసు ఠాణా నుంచి వచ్చిన అమీను కాగితం మీద రాసుకున్నాడు. గడీలో ఉండే దొర ఎర్రెద్దు బావి దగ్గర మాయమై రెండు రోజులైంది. ఆ ఎద్దుతో మోట కొట్టి నీళ్లు తోడే ఎల్లస్వామి పగటి బువ్వకు ఇంటికి పోయాడట. అప్పుడు బావి గడ్డ మీద ఉన్నది బక్కయ్య ఒక్కడే. కన్నతండ్రే ఔనన్నాక ఇంకేం కావాలి?

"నీ బాంచెన్ సాబ్, రాయకు!" జంగమ్మ ఉరికొచ్చి అమీను కాళ్ల మీద పడింది. "నా పెనిమిటికి గదొక్కటే మాట మిగిలింది. మొన్న ఉగాదికి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినయ్. ఏదడిగినా ఔ అనే అంటడు."

"ఉత్తదే సాబ్" అన్నాడు పటేలు. "బాయికాడ మోట పాట పాడంగ నేనే విన్న. శురువు నుంచి ఆఖరుదాంక పాడిండు. పాడెటోనికి మాట రాదా?"

"పాడుతడు సాబ్, కాదంటలేను. ఆ పాట ఇననిదే ఎర్రెద్దు అడుగు ఎయ్యదు. అందుకే గడ్డ మీద కూసోబెడుతం. దవాఖాన్ల డాక్టరు చెప్పిండు. మాట తలకాయల ఎడమ దిక్కు ఉంటదట. గా దిక్కు నెత్తురు గడ్డకట్టింది. పాట కుడి దిక్కు ఉంటదట. అది బతికింది."

అమీను నవ్వాడు. "తలకాయల రెండు అర్రలా? ఒకదాంట్ల మాట, ఒకదాంట్ల పాటనా?"

అందరూ నవ్వారు. జంగమ్మ మొగుడి ముందు కూలబడింది.

"నువ్వు ఆడిదానివా?"

"ఔ."

"నీ పేరు సాయిలా?"

"ఔ."

అమీను కలం ఆగింది. జంగమ్మకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చెయ్యెత్తి పటేలును చూపించింది.

"ఎద్దును పటేలు తోలుకపోయిండా?"

బక్కయ్య ఎడమచేత్తో గోడ పట్టుకొని లేవబోయాడు. "ఔ! ఔ! ఔ!" నోటి వెంట సొంగ కారింది.

జనం గొల్లున నవ్వారు. పటేలు అందరికంటే గట్టిగా నవ్వాడు. కొడుకు బయటపడ్డాడన్న సంబరంలో జంగమ్మ కూడా నవ్వింది, పిచ్చి తల్లి.

అమీను కాగితం మీద అడ్డంగా గీత గీశాడు. "ఠీక్ హై. వీని సాక్ష్యం చెల్లదు. మరి నీ కొడుకు ఎద్దును తీయలేదని చెప్పేదెవరు? గడ్డ మీద ఇంకెవరున్నరు?"

జంగమ్మ నవ్వు ఆరిపోయింది. "నా మొగడొక్కడే" అంది.

"ఆయన మాట చెల్లదని నువ్వే సాబిత్ చేస్తివి" అంటూ అమీను లేచాడు.

జవాన్లు ఎల్లస్వామిని బండి ఎక్కించారు. జంగమ్మ దుమ్ములో పడి గుండెలు బాదుకుంది. కొడుకును పేరు పెట్టి పిలవాలని బక్కయ్య పెదవులు కొట్టుకున్నాయి. "ఔ" తప్ప ఏమీ రాలేదు. బండి మలుపు తిరిగింది. చూడవచ్చిన జనం ఎవరి దారిన వాళ్లు పోయారు.

అప్పుడు బక్కయ్య కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎద్దుల వెనక పాడిన మోట పాట ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం తప్పలేదు. చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి.

"కొడుకును కట్టుకపోతాంటే పాటలు పాడుతున్నవా? నీ నోరు పడిపోను!" జంగమ్మ అతని నోరు మూయబోయింది. అతను ఆపలేదు. గొంతు ఇంకా పెంచాడు.

పాట రెండో చరణంలో పడగానే కచ్చీరు వెనక పటేలు దొడ్లో, గొళ్లెం వేసిన తలుపు లోపలి నుంచి, ఎర్రెద్దు అంబా అని బదులు పలికింది.