ఒక నూలు తేడా

ఉదయం ఏడు ఇరవైకి ఆమె ఎడమ కనుబొమను మూడోసారి చెరిపేసింది.

దూదికి నూనె అద్ది తుడిచింది. తుడిచిన చోట వేలితో తడిమి చూసుకుంది. జిడ్డు తప్ప ఏమీ తగల్లేదు.

పెన్సిల్ గీత వంకరగా పోయినా వేలికి తెలియదు. అదే ఆమె బాధ.

ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెకు చూపు లేదు. ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. మెట్ల కింద, కిటికీ లేని గదిలో తొమ్మిదేళ్లుగా పని చేస్తోంది.

ముందు హాల్లో విచారణ కౌంటర్ సీటు ఖాళీ అయింది. అర్జీ పెట్టుకుంది. ఈ రోజు పది గంటలకు ఇంటర్వ్యూ.

"నీ గొంతుకి తిరుగులేదమ్మా. కాకపోతే అక్కడ మనిషి కూడా కనపడుతుంది కదా," అన్నాడు సూపరింటెండెంట్ పోయిన వారం.

బొమలు గీసుకోవడం అక్క నేర్పింది. ముక్కు పక్కన చూపుడువేలు నిలువుగా ఆనిస్తే, కొస తగిలిన చోట మొదలు. అక్కడి నుంచి చెవి వైపు తొమ్మిది చిన్న గీతలు. గీయకపోతే నీ బొమలు సగంలో ఆగిపోయినట్టుంటాయి అని కూడా అక్కే చెప్పింది.

గీసుకున్నాక ఎవరినో ఒకరిని అడగాలి.

పక్కింటావిడను అడిగింది. బస్సులో పక్కన కూర్చునే నర్సును అడిగింది. భర్తను రోజూ అడుగుతుంది. అందరిదీ ఒకటే మాట.

బాగుంది.

ఏడున్నరకు కుడిదొక్కటే ఉంచుకుని, ఎడమది గీయకుండా హాల్లోకి వెళ్లింది. భర్త కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

"ఏమండీ, ఎలా ఉంది?"

"బాగుంది."

"రెండూనా?"

"రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. చూశానుగా."

ఆమె గీయని ఎడమ బొమను వేలితో తడుముకుంది.

ఇక మిగిలింది అత్తగారు.

అత్తగారితో మాటల్లేక పందొమ్మిది రోజులు. ఆ రోజు ఇంటికొచ్చిన నలుగురి ముందు, "ఆ గీతలు మానెయ్, నీకెందుకవి?" అంది అత్తగారు. ఆమె కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మాటలూ భర్త మోస్తున్నాడు. ఇంట్లో ఆపరేటర్ ఉద్యోగం ఆయనకు పడింది.

అత్తగారు ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. భుజం దగ్గర తేడా ఉంటే, వేసుకున్న మనిషి ఇంకా వీధి మలుపులో ఉండగానే చెప్పేది. మొహమాటం ఆవిడకు ఇంటావంటా లేదు.

వెనక గదిలో మిషను నడుస్తోంది. ఆమె గుమ్మంలో నిలబడింది. మిషను ఆగింది.

"అత్తయ్యా."

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది.

"పది గంటలకి ఇంటర్వ్యూ. బొమలు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి."

"చూడ్డానికి ఒకటే ఉంది."

"తెలుసు. మీ అబ్బాయి రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు."

"వాడి కళ్లకంటే నీ కళ్లే నయం. ఇలా వెలుగులోకి వచ్చి రెండోది గీయి."

గీసింది. అత్తగారి కొలత టేపు కొస నుదుటికి చల్లగా తగిలింది.

"ఎడమది ఒక నూలు కిందికి దిగింది."

టైలర్లకు నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

"ఇవాళేనా?"

"రోజూ అంతే."

"ఎప్పటి నుంచి?"

"నువ్వీ ఇంటికి వచ్చినప్పటి నుంచి."

వచ్చి ఆరేళ్లయింది.

"మరి చెప్పలేదేం?"

"మొన్న చెప్పబోయాను. లేచి వెళ్లిపోయావు."

"నలుగురిలోనా చెప్పేది?"

మిషను బల్ల మీద కత్తెర పక్కకు జరిపిన చప్పుడైంది.

"కుడి చెయ్యి మొహానికి అడ్డంగా తెస్తున్నావు," అంది అత్తగారు. "ముక్కు దాటేసరికి మోచెయ్యి వాలిపోతోంది. ఎత్తి పట్టు."

"మీరు పట్టుకోండి."

"నేను పట్టుకోను. రోజూ నేనుంటానా?"

చెరిపింది. గీసింది.

"ఇంకా అర నూలు."

చెరిపింది. బొమ చుట్టూ చర్మం మండుతోంది. గీసింది.

"ఇప్పుడు పైకి పోయింది. ఎవరో జడిపించినట్టున్నావు."

ఆమె పెన్సిల్ విసిరేసింది. అది మిషను కిందికి దొర్లింది.

"ఎవరికి కావాలివి? నాకు కనపడవు. కనపడేవాళ్లు చూడరు."

అత్తగారు లేచింది. మోకాళ్లు పట్టుకుని వంగి, మిషను కింద వెతికింది. పెన్సిల్ ముల్లు విరిగింది. బ్లేడుతో చెక్కి, ఆమె చేతిలో పెట్టింది.

"మోచెయ్యి," అంది.

ఎనిమిది పదికి ఆమె రోజూ ఎక్కే బస్సు వీధి చివర ఆగి, వెళ్లిపోయింది.

"బస్సు పోయిందే," అన్నాడు భర్త హాల్లోంచి.

ఆమె మోచెయ్యి ఎత్తి పట్టి మళ్లీ గీసింది.

ఎనిమిది ఇరవై రెండుకి టేపు నుదుటికి ఈ వైపు ఒకసారి, ఆ వైపు ఒకసారి తగిలింది. మళ్లీ ఈ వైపు.

"బాగుందా?" అని అడిగింది ఆమె.

"అది నాకు తెలీదు," అంది అత్తగారు. "సమానంగా ఉన్నాయి."

తర్వాతి బస్సు ఎనిమిది నలభైకి వచ్చింది. ఆమె ఎక్కింది.