నీలం వాటా

"ఇంట్ల ఏది నడవద్దు బావా. ఫ్యాను, టీవీ, లైట్లు అన్ని బంద్ ఉండాలె. లేకుంటే గీ కరెంటు, గా కరెంటు కలిసి లెక్క చెడుతది," అన్నాడు మార్కండేయ, మీటరును పసిబిడ్డలా ఎత్తుకుని.

తుకారాం తలెత్తి చూశాడు. ఫ్యాను కదలడం లేదు. లోపలి గదుల్లోకి కూడా తొంగి చూసి వచ్చాడు.

"అన్ని బందే ఉన్నయి."

"పక్కన పిండిగిర్నీ?"

"ఆశన్నకు పొద్దుగాలనే జెప్పిన. సూద్దాం తియ్ అన్నడు. విను, సప్పుడు ఉన్నదా?"

చప్పుడు లేదు. గిర్నీ అరుగు మీద ఆడవాళ్లు జొన్నల డబ్బాలు పక్కన పెట్టుకుని ముచ్చట్లలో ఉన్నారు. తన ఒక్క మాటకు గిర్నీ ఆగిందని తుకారాం ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

నిజామాబాద్‌లో బాపు కట్టిన ఆ ఇంటికి ఇవాళ పంపకం. పెద్దోడు పంచాలె, చిన్నోడు ఏరుకోవాలె అన్నది వాళ్ల ఇంటి ఆచారం. అన్న ఆత్మారాం న్యాయంగానే రెండు ముక్కలు చేశాడు. తూర్పు వాటాకు రెండు గదులు. పడమటి వాటాకు రెండు గదులతో పాటు రోడ్డు మీదికి ఒక మడిగె. కిరాణం పెట్టినా, కిరాయికిచ్చినా ఆ మడిగె బంగారు కోడిపెట్టే. కాకపోతే పడమటి కప్పు మీదుగా పెద్ద కరెంటు తీగలు పోతున్నాయి.

తుకారాం ప్రాణమంతా ఆ మడిగె మీదే. అతని భార్య గోదావరి మాత్రం కడుపుతో ఉంది. "గా తీగల కింద నన్ను పండుకోమంటే సక్కగ మా తల్లిగారింటికి పోత. మల్ల రాను," అని తెగేసి చెప్పింది. ఆ బెదిరింపుకు విరుగుడుగానే తుకారాం ఆమె తమ్ముడిని హైదరాబాద్ నుంచి పిలిపించాడు. మార్కండేయ అక్కడ ఒక కంపెనీలో కరెంటు తీగల చుట్టూ ఎంత ప్రభావం ఉందో కొలిచే పని చేస్తాడు. ఆ కొలతలను రంగుల బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ కూడా అతని దగ్గర ఉంది.

మీటరును ప్లాస్టిక్ కర్రకు కట్టి మార్కండేయ ఇల్లంతా అడుగడుగునా ఆగుతూ కొలిచాడు. వెనకాలే తుకారాం సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. ఎండాకాలం ఉక్కకు ఇద్దరి అంగీలు తడిసి వీపులకు అంటుకున్నాయి. తల్లి వెంకటవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కకు జరిపి, విసనకర్రతో విసురుకుంటూ తూర్పు గోడ వైపు చూసింది. గోడ అవతల డాక్టరు గారింట్లో ఫ్యాను గిర్రుమంటోంది.

"గా ఇంట్ల ఫ్యాను ఎన్నడు ఆగది," అంది ఆమె. "పైసలున్నోళ్లు."

కొలతలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి మార్కండేయ ఒక మీట నొక్కాడు. ఇంటి బొమ్మ తెర మీద రంగులు పూసుకుంది.

"ఉన్నంతల ఎక్కువున్న కాడ ఎరుపు, తక్కువున్న కాడ నీలం," అన్నాడు.

అందరూ మెడలు సాచారు. తూర్పు వాటా గోడ పొడవునా ఎర్రగా మండుతోంది. తీగల కింది పడమటి వాటా నిండు నీలం.

"ఉల్టా వచ్చినట్టున్నదిరా," అన్నాడు ఆత్మారాం. "తీగలు గీ దిక్కున్నయి. ఎరుపు గా దిక్కెట్ల వోయింది?"

మార్కండేయ ఒక్క క్షణం గడ్డం గోక్కున్నాడు. "గొడుగు కింద వాన పడుతదా పెద్దబావా? తీగల కింద గూడ గంతే. పక్కకు జారి ఆడ పడుతది."

"నీ అక్క మొగనికి పనికొచ్చేటట్టు గీసినవు."

"సాఫ్ట్‌వేర్‌కు చుట్టరికాలుండయి పెద్దబావా."

ఆత్మారాం కోపంగా వెళ్లి తూర్పు గోడ మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "అమ్మో! సుర్రుమన్నదే!"

వెంకటవ్వ ఆ గోడకు దూరంగానే నిలబడి దండం పెట్టుకుంది. గోదావరి పడమటి గదిలోకి పోయి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడి వచ్చింది.

"ఆడ సల్లగున్నది," అంది సిగ్గుపడుతూ. "పాణం నిమ్మలమైంది."

తుకారాంకు ఎగిరి గంతేయాలనిపించింది. మడిగె దక్కింది, పెళ్లాం దక్కింది, పైగా సైన్సు సాక్ష్యం! లోపల లడ్డూలు పగులుతున్నా ముఖం మాత్రం దిగులుగా పెట్టాడు.

"ఏం జేస్తం అన్నా! ఎవని నొసట ఏది రాసుంటే గదే. నేను పడమటిదే ఏరుకుంటున్న. నువ్వు జెర పిల్లలను గోడకు దూరం పండబెట్టు."

ఆత్మారాం సుర్రుమన్న అరచెయ్యిని అంగీకి రుద్దుకున్నాడు. మడిగె పోయింది, మిగిలింది మండే గోడ.

వెంకటవ్వ దేవుడి గూట్లోంచి దీపం తెచ్చి మధ్యలో పెట్టింది. "మనసు గట్టిగ జేసుకో తుకారాం. దీపం ముట్టినంక తిరుగుడు లేదు. తిరిగినోడు నా కొడుకే కాదు."

"సచ్చినా తిరగనవ్వా," అంటూ తుకారాం దీపం మీద అరచెయ్యి పెట్టాడు. "ఈ పొద్దు మొదలు పడమటి వాటా నాది. తూర్పు వాటా మా అన్నది. మల్ల మాట మారిస్తే గీ దీపమే సాక్షి."

అతను చెయ్యి తీశాడో లేదో, దీపం రెపరెపలాడి ఆరిపోయింది. అపశకునమని వెంకటవ్వ గుండెలు బాదుకోబోయింది. అంతలో పక్కన గిర్నీ గుర్రుమంది, కప్పు మీది తీగలు జుమ్మన్నాయి, గోడ అవతల డాక్టరు గారి ఇన్వర్టరు కూత ఆగింది. అరుగు మీది ఆడవాళ్లు డబ్బాలెత్తుకుని ఒకరినొకరు తోసుకున్నారు. తుకారాం నెమ్మదిగా తలెత్తి, తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

కరెంటొచ్చింది.