కుండ ఉడికినవాడే ఊరివాడు

“ఓబెడ్ కుండ చెల్లదు. వాడింట్లో ధర్మరొట్టె తిన్నారు,” అన్నాడు ఎదురింటి సైలస్.

ఓటున్నవాళ్ల లెక్క తేల్చే అధికారి బెయిలిఫ్ గారు ఆగారు. ఆయన వెనక పుస్తకం పట్టుకున్న గుమాస్తా ఆగాడు. వీధి పొడవునా ఉన్న కుండలు మాత్రం కుతకుతలాడుతూనే ఉన్నాయి.

ఎన్నికల పొద్దున ఆష్‌కోమ్‌లో అది మామూలే. ఎవరి కుండ వాళ్లు గుమ్మం ముందు రాళ్ల మీద పెట్టి, నలుగురూ చూస్తుండగా వండుకు తినాలి. సొంత పొయ్యి, సొంత కుండ, సొంత తిండి ఉన్నవాడే ఊరివాడు. ఊరివాడికే ఓటు. అలాంటివాణ్ణి పాట్‌వాలోపర్ అనేవాళ్లు. తాతల కాలంలో ‘వాల్’ అంటే ఉడకడం. పాట్‌వాలర్ అంటే కుండ ఉడికించేవాడు. తాతలు పోయాక ఆ మాటకి అర్థం కూడా పోయింది. మూత ఎగిరిపడే చప్పుడులా ఉంటుందని జనం దాన్ని వాలోపర్ చేసుకుని నవ్వుకున్నారు. తర్వాత చట్టం మారింది, కుండలు లోపలికి పోయాయి, మాట చల్లారిపోయింది. ఆ పొద్దున మాత్రం ఇంకా వేడిగానే ఉంది.

పొగమంచులో కుండల ఆవిరి కలిసి వీధి తెల్లగా తేలిపోతోంది. మనుషులు నడుము పైకే కనిపిస్తున్నారు. చర్చి గోపురం నేలతో పని లేనట్టు గాల్లో నిలబడింది.

ఉన్ని దువ్వుకు బతికే ఓబెడ్ మొదట నవ్వేశాడు. సైలస్ కుండలో ఉన్నది గొర్రె మాంసమా, గొర్రె నీడా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సైలస్ నవ్వలేదు. పోయిన నెల రెండో శనివారం చర్చి వెనక గుమ్మం దగ్గర బీదలకి పంచే రొట్టె ఓబెడ్ పెళ్లాం ఆప్రాన్ కింద పెట్టుకుని వచ్చిందనీ, కావాలంటే ఆమెనే అడగమనీ అన్నాడు.

బెయిలిఫ్ గారు అడిగారు. టామ్సిన్ గరిటె తిప్పడం ఆపలేదు.

“తీసుకున్నానయ్యా,” అంది.

ఓబెడ్ కాళ్ల కింద వీధి కరిగిపోయింది. ఇంట్లో ఎవరు ధర్మరొట్టె తిన్నా ఇంటాయన ఓటు పోతుంది. ఓటు పోతే ఇల్లు పోతుంది. భూస్వామి ఆ ఇల్లు ఇచ్చిందే ఓటు కోసం. సాయంత్రానికి సామాన్లు బయట పడతాయి. యాభై ఏళ్ల వయసులో ఊరివాడు కాకుండా పోవాలి. నీకేం పుట్టిందే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే అని పెళ్లాం చెవిలో గొణిగాడు.

టామ్సిన్ చేతులు తుడుచుకుంది. అందరికీ వినపడేలా, తీరిగ్గా మాట్లాడింది.

“రొట్టె తీసుకున్నది నేను. నేను ఈయన భార్యనైతే కదా ఆ పాపం ఈయనకి చుట్టుకునేది. మీ చర్చి పుస్తకంలో మా పెళ్లి ఎక్కడైనా ఉందేమో చూసుకోండి.”

లేదన్నాడు చర్చి లెక్కలు కూడా రాసే గుమాస్తా. ఎలా ఉంటుంది? పెళ్లయింది ఆమె ఊళ్లో, సముద్రపొడ్డున ఓ చిన్న చర్చిలో. పెళ్లి చేసిన పాదిరీ ఏనాడో పోయాడు.

ఓబెడ్‌కి అప్పుడు వెలిగింది. తన కోసం నలుగురిలో పరువు పోగొట్టుకుంటోంది పిచ్చిది. ఆవిరిలో ఆమె మొహం పెళ్లినాటి మొహంలా కనిపించింది. ఇంత తెలివి దీనికెక్కడిదా అని మురిసిపోయాడు.

బెయిలిఫ్ గారికీ ఓబెడ్ ఓటు కావాలి. అది ఆయన పక్షపు ఓటే. అందుకని బైబిలు ముందుకు చాపారు.

“ప్రమాణం చెయ్యి. ఈవిడ నీ భార్యా, కాదా?”

“కాదు దొరగారూ. పొయ్యి దగ్గర పనికి పెట్టుకున్న మనిషి.”

రెండో మాట ఎవరూ అడగలేదు. తనే కలిపాడు.

అదంతా పుస్తకంలో రాయమంది టామ్సిన్. రాశాక కింద తన గుర్తుగా అడ్డగీతా నిలువుగీతా గీసింది. ఏం పకడ్బందీ మనిషి అనుకున్నాడు ఓబెడ్.

వేదిక ఎక్కి తన ఓటు గట్టిగా అరిచి చెప్పాడు. తన పక్షంవాళ్లు భుజాల మీద ఊరేగించారు, కడుపునిండా బీరు పోశారు. మధ్యాహ్నం దాటాక ఇంటికొస్తే పొయ్యి ఆరిపోయి ఉంది. గుమ్మం తీసి ఉంది. టామ్సిన్ లేదు.

సైలస్ తన గుమ్మంలో కూర్చుని కుండ గీకుతున్నాడు. పెళ్లి కాని ఆడమనిషి, పైగా ధర్మరొట్టె తిన్నది. ఈ ఊరిది కానట్టే కదా, పుట్టిన ఊరికి పంపెయ్యాలని చట్టం, ఇప్పుడే బండెక్కించారు అని తాపీగా చెప్పాడు.

ఓబెడ్ వీధి చివరికి పరిగెత్తాడు. మంచులో బండి దిగువకి, సముద్రం వైపు, చప్పుడు లేకుండా తేలిపోతోంది. టామ్సిన్ బూట్లు విప్పేసి, కాళ్లు వెనక్కి వేలాడేసి కూర్చుంది. ఒక్కసారి మా ఊరు చూసొస్తానని ఇరవై రెండేళ్లు అడిగింది. వంటెవరు చేస్తారని ఇరవై రెండేళ్లూ అన్నాడు. ఇప్పుడు ఆవిడ నా భార్య అని అరిస్తే బండి ఆగుతుంది. కానీ ప్రమాణం అబద్ధమవుతుంది, ఓటు పోతుంది, ఇల్లు పోతుంది. ఓబెడ్ నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

వెనక్కొచ్చి సైలస్ చొక్కా పట్టుకున్నాడు.

“ఆ రొట్టె సంగతి నాకే చెప్పకుండా దాచింది. ఏ కుక్క మోసుకొచ్చి చెప్పిందిరా నీకు?”

సైలస్ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

“కుక్కేంటోయ్, ఆవిడే వచ్చి చెప్పింది. మరిచిపోకుండా బెయిలిఫ్ గారి ముందే అడగమంది.”