మెత్తటి నాడా

తమ్ముడు తన కామిక్ పేజీలు చింపబోతున్నాడు. "కాలంలో వెనక్కి ఎగిరే సూపర్‌హీరోట! ఎవరు చదువుతారక్కా?"

నేను బాల్కనీలోకి వెళ్లి, వాడికి ధైర్యమివ్వమని దండం పెట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి, మెడకు గుడ్డ కట్టుకున్న ముసలాయన ఆకాశంలోంచి దభీమని నా ముందు పడ్డాడు.

"అక్కా, వాణ్ణి చింపనివ్వకు!"

"నాకంటే పెద్దవాడివి, నన్ను అక్కా అంటావేం నాయనా?"

"ఎన్నేళ్లొచ్చినా నువ్వు అక్కవేగా! అబ్బ, ఈ ముడి మెడ కోసేస్తోంది," అని గోక్కుంటూ మాయమయ్యాడు.

ఆ గుడ్డ మా హాల్లో నిన్న తగిలించిన పూల కర్టెనే. కాకపోతే బాగా వెలిసిపోయింది.

పరుగెత్తి పేజీలు లాక్కున్నాను. "చింపావంటే చెవులు మెలేస్తా. పూర్తి చెయ్యి."

సాయంత్రం కర్టెన్ దించి, పైఅంచుకు నాడా కుడుతుంటే తమ్ముడు బొమ్మలోంచి తలెత్తాడు.

"కర్టెన్‌కు అంత మెత్తటి నాడా ఎందుకక్కా?"

"మెడ ఒరుసుకోకుండా," అన్నాను.