ఆరు జతల చెప్పులు

"ఆరుగురికీ వడ్డించమ్మా," అంది హత్సు బామ్మ.

పళ్ళెం పట్టుకున్న పనమ్మాయి కనాయె వరండాలోకి తొంగిచూసింది. కూర్చోడానికి ఆరు దిండ్లు, ఆరు జతల గడ్డి చెప్పులు, ఒకే ఒక్క మనిషి. ఆరుగురు వస్తారని చెప్పి మూడు రోజులకు విల్లా తీసుకున్న బామ్మ, మధ్యాహ్నం పడవలోంచి ఒక్కతే దిగింది.

"మీవాళ్ళు ఇంకా రాలేదు కదండీ. రేవుకి బండి పంపమంటారా?"

"అక్కర్లేదమ్మా, దారి వాళ్ళకి తెలుసు. గేటు దగ్గర దీపం మాత్రం పెట్టు. అన్నట్టు, పులుసులో ఉప్పు తగ్గించారా? మా అత్తగారి నోటికి ఏదీ ఓ పట్టాన ఆనదు. కాపరానికొచ్చిన కొత్తలో నా వంట ఎత్తి పెరట్లో పారబోసింది మహాతల్లి!"

బామ్మకే డెబ్బై దాటాయి. అయినా కనాయె ఆశ్చర్యపోలేదు. ఈ దీవుల్లో నూరేళ్ళ ముసలమ్మలు దర్జాగా కూరగాయలమ్ముకుంటూ కనిపిస్తారు.

గంట తర్వాత చూస్తే ఐదు పళ్ళేలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ముట్టుకోలేదా?" అన్నాడు మేనేజరు త్సుగె, గరిటె పక్కన పడేసి. తుఫాన్ల కాలం కావడంతో మిగతా విల్లాలన్నీ ఖాళీ. వంటవాడు, తోటమాలి, పనిచేసే ఊరివాళ్ళంతా ఏదో పండగని మూడు రోజులు సెలవు పెట్టి ఇళ్ళకు పోయారు. మిగిలింది ఉత్తరాది నుంచి వచ్చిన వీళ్ళిద్దరే.

"ఒంటరి ముసలావిడ. ఎదురుగా సముద్రం. నాకేం నచ్చలేదు కనాయె. పొద్దున్నే పడవెక్కించేద్దాం."

మూడేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో, ఇంకో సత్రంలో, ఇలాగే ఒంటరిగా దిగిన ఒకాయనకు కనాయె ఫలహారం తీసుకెళ్ళింది. గదిలో మనిషి లేడు. కొండ అంచున ఆయన బూట్లు పక్కపక్కన పొందిగ్గా పెట్టి ఉన్నాయి. 'నువ్వైనా ఒక్క మాట అడిగుంటే బతికేవాడమ్మా' అని ఆయన చెల్లెలు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ కనాయె చెవుల్లోంచి పోలేదు.

"పంపెయ్యకండి సార్. ఇక్కణ్ణుంచి పంపేస్తే ఇంకోచోటికి పోతుంది, అంతేగా. నేను కనిపెట్టుకుని ఉంటాను."

"ఏదైనా జరిగితే?"

"జరగనివ్వను."

మర్నాడు కనాయె బామ్మను నీడలా అంటిపెట్టుకుంది. విల్లా కొత్తదే గానీ, గేటు లోపల అడ్డంగా కట్టిన పగడపురాతి గోడ, చుట్టూ ఉన్న చెట్లు ఏనాటివో. వచ్చినవాళ్ళంతా ఆ గోడకు కుడివైపు నుంచి నేరుగా గుమ్మంలోకి వెళతారు. బామ్మ మాత్రం ప్రతిసారీ ఎడమవైపుకే తిరిగి, పెరట్లోని స్నానాల తొట్టె దగ్గరికి చేరుతోంది. ఒకసారైతే పెద్ద చెట్టును తడిమి, అక్కణ్ణుంచి పదకొండు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఆ తొట్టె ముందు ఆగి తనలో తనే నవ్వుకుంది.

మతి సరిగ్గా లేదేమోననిపించి కనాయెకు దిగులు పుట్టింది.

"బామ్మగారూ, మీ మనసులో ఏదైనా కష్టం ఉంటే నాకు చెప్పండి. ఎవరితోనూ అనను."

"కష్టమేముందే తల్లీ! నాహా పట్నంలో ఏడో అంతస్తులో ఉంటాను. లిఫ్టు, ఏసీ, కింద కొట్లు, ఏం తక్కువ నాకు? రేపు సాయంత్రం వెళ్ళిపోవాలి కదా, అదొక్కటే బెంగ."

"ఎక్కడికి వెళ్ళాలి?"

బామ్మ సముద్రం వైపోసారి చూసి, దిండ్లు సర్దడంలో పడింది. ఆ రోజూ ఐదు పళ్ళేలు అలాగే వెనక్కి వచ్చాయి. వంటింట్లో త్సుగె అవి చూసి, "నా వంట మరీ అంత ఘోరంగా ఉందా?" అన్నాడు గానీ, అతని మొహంలో నవ్వు లేదు.

మూడో రోజు బామ్మ రెండు చెరుకుగడలు తెమ్మంది.

"తినడానికా అండీ?"

"ఇంకా నయం! వెళ్ళేటప్పుడు చేతికర్రలకి."

కనాయె తెచ్చిచ్చింది. సాయంత్రం టీ తీసుకుని వెళ్ళేసరికి వరండా ఖాళీగా ఉంది. మెట్టు కింద ఆరు జతల చెప్పులూ వరసగా, ముందుకొసలు బయటికి తిప్పి, పొందిగ్గా పెట్టి ఉన్నాయి. చేతిలోని పళ్ళెం జారిపడింది.

"బామ్మగారూ!"

ఒడ్డంతా పరుగెత్తింది. ఇసుకలో ఎక్కడా అడుగుజాడ లేదు. రొప్పుతూ వెనక్కి వచ్చేసరికి, గేటు దగ్గర దీపం పక్కన వట్టికాళ్ళతో నిలబడి ఉంది బామ్మ. గోడకు చెరుకుగడలు ఆనించి ఉన్నాయి. పక్కన ఆకుల్లో కట్టిన అన్నం పొట్లాలు. మనిషన్నవాడు లేని వీధి వైపు చెయ్యి ఊపుతోంది.

కనాయె వెళ్ళి ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుని బావురుమంది.

"నేను వెళ్ళనివ్వను! చచ్చిపోదామనే కదూ వచ్చారు? నాకు తెలుసు!"

బామ్మ బిత్తరపోయింది. తర్వాత ఫక్కున నవ్వి, చేతిరుమాలుతో కనాయె కళ్ళు తుడిచింది.

"పిచ్చిపిల్లా! నేను చస్తే వచ్చే ఏడు పండక్కి వీళ్ళకి దీపం ఎవరు పెడతారే?"

"ఎవరికండీ? మూడు రోజుల్నుంచి ఒక్కరైనా వచ్చారా? పోనీ నాహాలో మీ ఇంటికే పిలవాల్సింది. ఇంత దూరం మీరు రావడమెందుకు?"

బామ్మ పాత గోడ మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా అంది.

"వాళ్ళు బతికున్నన్నాళ్ళూ మా ఇల్లు ఇక్కడే కదమ్మా."