స్పీకర్లకో బ్యాటరీ

"ఆ స్పీకర్లు పీకేయమంటే ఇంకో బ్యాటరీ తగిలిస్తారా?" చంకలో పిల్లాణ్ణి ఎగదోసుకుంటూ, లారీ కిందినుంచి బయటికి కనిపిస్తున్న మొగుడి కాళ్లతో పోట్లాటకు దిగింది ఆమె.

"అందుకేగా ఇది! ఒకటి బండికి, ఒకటి స్పీకర్లకి. ఇంజను ఆపి ఎంతసేపు విన్నా పొద్దున్నే బండి స్టార్టవుతుంది."

"మొన్న కాలేదుగా? వీడు జ్వరంతో కాలిపోతుంటే, మీరు ఎక్కడో బండి తోయించుకుంటున్నారు. మీ పాటల పిచ్చి పాడుగాను! ఈ వైర్లకి నిప్పంటుకుంటే?"

"ఫ్యూజు వేశానమ్మా, భయం లేదు. ఒక్కసారి మోగించి చూద్దాం," అంటూ బ్యాటరీ బిగించడానికొచ్చిన ఎలక్ట్రీషియన్, లారీ క్యాబిన్‌లో ఉన్న ఆమె మొగుడి ఫోను నొక్కాడు.

"ఒరేయ్, అది నొక్కకు!" లారీ కింద తల దేనికో ఠంగుమని కొట్టుకుంది.

అప్పటికే వీధి అదిరేలా ఆమె గొంతు మోగుతోంది. "తిన్నారా? నిద్రొస్తే బండి పక్కకి ఆపండి. అసలు నా మాట ఎప్పుడు విన్నారు గనక! గోడకి చెప్పుకున్నా నయం..."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పిల్లాడు స్పీకరు వైపు చెయ్యి చాపి "అమ్మ" అన్నాడు.

"పాటలేవి?" అందామె, గొంతు తగ్గించి.

"పాటలెక్కడివి?" నసిగాయి కాళ్లు. "బండి ఆపాక నువ్వు పంపిన వాయిస్ మెసేజీలే మొదట్నించీ పెట్టుకుంటా. అప్పుడుగానీ నిద్ర పట్టదు."

ఎలక్ట్రీషియన్ ఫోను వంక చూశాడు. "ఇదొక్కటే పద్దెనిమిది నిమిషాలుందమ్మా. పాపం, పాత బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది?"

ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లారీ కిందికి వంగింది.

"ఏమండీ, ఇంతకన్నా పెద్దది దొరకలేదా?"